జైలు లోపల మా చిన్నమ్మకు కల్లు మాన్పించారు: ఐదుకు మూడు నక్షత్రాలు

మా చిన్నమ్మ నాలుగు నెలలు జైల్లో ఉండి మొన్న ఉగాదికి ముందు బయటికి వచ్చింది. అక్కడ ఆమెకు కల్లు మాన్పించడానికి చేసిన చికిత్స గురించి రాస్తున్నా. ఆమె లోపలికి పోయిన రాత్రి నేను తెల్లారేదాకా ఫోన్‌లో వెతికాను, ఆడవాళ్లకు జైల్లో ఇలాంటి వైద్యం ఉంటుందా, ఉంటే ఎవరిని అడగాలి, మందులు మనమే తీసుకుపోవచ్చా అని. తెలుగులో నాకు పనికొచ్చే ముక్క ఒక్కటి దొరకలేదు. బిర్యానీ గురించి, మిక్సీ గురించి ఇంతింత రాసుకుంటాం కదా, దీని గురించి కూడా ఎవరో ఒకరు రాయాలి. ఏ జైలో, ఏ డాక్టరో పేర్లు రాయను. మాది మహబూబ్‌నగర్ జిల్లా, దేవరకద్ర వైపు ఒక ఊరు, అంతవరకు చాలు.

ముందు కల్లు సంగతి చెప్పాలి, ఎందుకంటే మా వైపు కాని వాళ్లకు కల్లుకు కూడా చికిత్స ఏంటి అనిపిస్తుంది. చెట్టు మీంచి దించిన కల్లు వేరు, మా దగ్గర దుకాణంలో సీసాల్లో పోసి అమ్మేది వేరు. ఊరి చుట్టూ ఈత చెట్లు ఎన్ని ఉన్నాయో, రోజూ ఎన్ని పెట్టెల సీసాలు దిగుతున్నాయో చూస్తే ఎవరికైనా అర్థమవుతుంది. తక్కువ పడినదంతా నీళ్లు, తీపికి శాక్రిన్, మత్తుకు అల్ప్రాజోలం, డైజోఫాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి నిద్ర మందులు. పొడి కల్లు, మందు కల్లు అని మావాళ్లే అంటారు, అని కూడా తాగుతారు. పత్తి ఏరి, కలుపు తీసి, నడుములు పట్టేసి ఇంటికొచ్చిన ఆడవాళ్లు పొద్దుగూకినంక ఒక సీసా తాగి పడుకోవడం మా దగ్గర దాచుకునే విషయం కాదు, అత్తా కోడళ్లు కలిసి తాగే ఇళ్లున్నాయి. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. చిన్నమ్మ చివరికి రోజుకు ఆరు సీసాల దాకా పోయింది. 2015లో సర్కారు కల్తీ కల్లు మీద దాడులు చేసి ఒక్కసారిగా ఆపినప్పుడు మా వీధిలోనే నలుగురికి మెడలు వంకరపోయాయి, లేని మనుషులతో మాట్లాడారు, ఆస్పత్రులు నిండిపోయాయి. 2020 లాక్‌డౌన్‌లో మళ్లీ అదే చూశాం. తాగినప్పటి మత్తు కంటే ఆగిపోయినప్పుడు వచ్చే ఈ జబ్బే ప్రాణం మీదికి తెస్తుందని మా ఊళ్లో చదువురాని ముసలమ్మకు కూడా తెలుసు.

చిన్నమ్మను పట్టుకున్నది కల్లులో కలిపే ఆ అల్ప్రాజోలం పొడి పొట్లంతో. దుకాణం వాడికి ఉద్దెర బాకీ పడింది, హైదరాబాద్ నుంచి పొట్లం తెచ్చిపెడితే బాకీ కొట్టేస్తానన్నాడు, చీర కొంగుకు ముడేసుకుని బస్సులో తెచ్చింది. రెండుసార్లు తెచ్చింది, మూడోసారి దొరికింది. అల్ప్రాజోలం 1985 నాటి మత్తు మందుల చట్టం, అంటే ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి వస్తుంది. 5 గ్రాముల దాకా చిన్న మొత్తం, 100 గ్రాములు దాటితే వాణిజ్య మొత్తం, ఆమె దగ్గర దొరికింది ఈ రెంటికీ మధ్యలో. ఆమె చేసింది తప్పే, నేను వెనకేసుకు రావడం లేదు.

లోపలికి తీసుకునేటప్పుడు ఆరోగ్య పరీక్ష చేశారు. బరువు, బీపీ, గర్భం ఉందా, ఒంటి మీద దెబ్బలున్నాయా, అన్నీ ఓపికగా రాసుకున్నారట. తర్వాత "మద్యం, డ్రగ్స్ అలవాటుందా?" అని అడిగారు. "లేదు మేడం" అన్నది చిన్నమ్మ. ఆమె అబద్ధం చెప్పలేదు. ఆమె లెక్కలో మద్యం అంటే మగవాళ్లు వైన్స్‌లో కొనుక్కునే క్వార్టర్, డ్రగ్స్ అంటే టీవీలో చూపించే పట్నం పిల్లల కేసు. కల్లు అంటే కల్లే. పొట్లం కేసులో లోపలికి వచ్చిన మనిషిని, చేతులు అప్పటికే వణుకుతున్న మనిషిని, ఆ కాగితం మీద "లేదు" అని రాసుకుని బ్యారక్‌లోకి పంపించారు. ఆ ఒక్క మాటతో మూడు రాత్రులు పోయాయి. నేను ఒక నక్షత్రం కోసేసింది ఇక్కడే. "కల్లు తాగుతావా అమ్మా? రోజుకు ఎన్ని సీసాలు? ఆఖరుసారి ఎప్పుడు తాగినవ్?" అని మన మాటల్లో అడిగి ఉంటే ఆమె వేళ్లు మడిచి లెక్క చెప్పేది, సీసాకు సీసా చెప్పేది.

మొదటి రాత్రి నిద్ర లేదు, చీర తడిసిపోయేంత చెమట. రెండో రోజు అన్నం ప్లేటు పట్టుకుంటే చారు ఒలికిపోతోంది, స్టీలు గ్లాసు పళ్లకు కొట్టుకుని టకటకమంటుంటే పక్కామె పట్టుకుని తాగించింది. చేతుల మీద చీమలు పాకుతున్నాయని ఒకటే దులుపుకోవడం. మా చిన్నాయన బొంబాయిలో బిల్డింగ్ పనికి పోయి అక్కడే చనిపోయి ఏడేళ్లయింది, ఆయన వచ్చి కటకటాల అవతల నిలబడి బువ్వ తిన్నావా అని అడుగుతున్నాడని ఆ రాత్రంతా జవాబులు చెప్పింది. మూడో రాత్రి తెల్లవారుజామున ఫిట్స్ వచ్చాయి, నాలుక కొరుక్కుంది. భయంతో ఎవరో పళ్ల మధ్యకు చెంచా తోశారు, ముందు పన్ను విరిగింది. అదే బ్యారక్‌లో ఒక పెద్దావిడ ఆ చెంచా లాగేసి, చిన్నమ్మను పక్కకు ఒత్తిగిల్లేలా పడుకోబెట్టి, నోట్లో నురగ కిందికి కారేలా తల పట్టుకుని కూర్చుంది. ఫిట్స్ వచ్చిన మనిషికి చేయాల్సింది అదే, నోట్లో ఏమీ పెట్టకూడదు, చేతిలో తాళాలు పెడితే ఆగేది ఏమీ లేదు, ఇది తర్వాత నర్సు చెప్పింది. ఆ పెద్దావిడ ఎవరో నేను చూడలేదు, ఏ కేసులో వచ్చిందో తెలియదు. ఆమె చేయి నేను ఒకసారి కళ్లకద్దుకోవాలి.

అంత జరిగినా ఆస్పత్రికి తీసుకుపోవడానికి రెండు గంటలు పట్టింది, ఎందుకంటే వెంట పోవడానికి ఆడ పోలీసులు దొరకాలి. ఆడ ఖైదీని ఆడ సిబ్బంది లేకుండా కదిలించకూడదన్నది మంచి నియమమే, కానీ ఆ నియమం పెట్టినవాళ్లు తెల్లవారుజామున 4 గంటలకు కూడా ఇద్దరు మనుషులను అందుబాటులో ఉంచాలి కదా.

ఇక్కడి నుంచి మంచి మొదలవుతుంది, దీని గురించి ఎక్కువ రాస్తాను, ఎందుకంటే వాళ్లు నిజంగా బాగా చేశారు.

ఆస్పత్రి నుంచి వచ్చాక వారానికి రెండుసార్లు జైలుకు వచ్చే మానసిక వైద్యుడు ఆమెను చూశాడు. డయాజిపాం గోలీలు మొదలుపెట్టాడు, మనవాళ్లు డైజోఫాం అనేది దాన్నే. ములాఖత్‌లో ఈ మాట విని నాకు ఒళ్లు మండింది, కల్లులో కలిపే మందే మళ్లీ సర్కారు ఇస్తోందా అని ఆ డాక్టర్‌ను గట్టిగానే అడిగాను. ఆయన విసుక్కోలేదు. అల్ప్రాజోలం ఒంట్లోంచి తొందరగా పోతుందమ్మా, అందుకే అది ఆగిన ఒకట్రెండు రోజుల్లోనే ఒళ్లు తిరగబడుతుంది, డయాజిపాం మెల్లగా పోతుంది, దాని మీదికి మార్చి రోజులు లెక్కపెట్టి తగ్గించుకుంటూ వస్తాం అన్నాడు. "మీ ఊళ్లో దిగుడు బావి ఉందా? మెట్టు మెట్టు దిగితే నీళ్లు, పైనుంచి దూకితే నడుం విరుగుతది" అన్నాడు. ఆ ఒక్క మాటతో మా అమ్మకు కూడా అర్థమైంది. ఇంట్లో ఎవరైనా ఇలాంటి కల్లు గానీ, ఏళ్ల తరబడి నిద్ర గోలీలు గానీ వాడుతుంటే పంతం పట్టి ఒక్కరోజులో ఆపించకండి, డాక్టర్ చేతిలో పెట్టి తగ్గించండి.

గోలీ ఇచ్చే పద్ధతి చూసి నాకు నమ్మకం కుదిరింది. గోలీ చేతికిచ్చి పంపరు. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి నర్సు పేరు పిలుస్తుంది, ఎదురుగా నిలబెట్టి మింగిస్తుంది, "నోరు తెరువు, నాలుక లేపు" అంటుంది, చెంప వేలితో లాగి లోపల టార్చి వేసి చూస్తుంది. మొదట్లో చిన్నమ్మకు ఇది అవమానంగా అనిపించి ఏడ్చింది. వారం తర్వాత ఆమెకే తెలిసింది ఎందుకో, సబ్బు ఇస్తా, నూనె సీసా ఇస్తా, నీ గోలీ నాకియ్యి అని అడిగేవాళ్లు బ్యారక్‌లో ఉన్నారు. వారాలు గడిచిన కొద్దీ గోలీ సగమైంది, తర్వాత పావు అయింది. నర్సు గోటితో గోలీని చీల్చేదట, పావు ముక్క చిన్నమ్మ నాలుక మీద పెట్టేది, మిగిలింది కాగితంలో చుట్టి రిజిస్టర్‌లో రాసేది, తన అరచేతిలో రాలిన తెల్లటి పొడిని తడి దూదితో తుడిచేసుకునేది. "ఆ పొడి మీదనే నా కండ్లుండేవి బిడ్డా" అని చిన్నమ్మ నాతో చెప్పింది. "ఆఖరు రోజు ఆమె చెయ్యి తుడుసుకుంటుంటే నేను చూడలే, బయట చెట్టు దిక్కు చూసిన. అప్పుడు ఆమెనే అన్నది, అవ్వా, నువ్వు గెలిచినవ్ అని."

మొత్తం ఏడు వారాలు పట్టింది. మధ్యలో ఒకసారి తగ్గించిన మోతాదు తట్టుకోలేక మళ్లీ వణుకు వస్తే, తిట్టకుండా ఒక మెట్టు పైకి తెచ్చి పది రోజులు అక్కడే ఆపారు.

కౌన్సిలింగ్ మంగళవారం, శుక్రవారం. దీని మీద నాకు పెద్ద నమ్మకం ఉండేది కాదు, కల్లు చెడ్డది మానెయ్ అని ఉపన్యాసం ఇస్తారేమో అనుకున్నా. వచ్చినామె మా యాసలో మాట్లాడే మనిషి, మక్తల్ వైపు. మొదటి రోజు కల్లు మాటే ఎత్తలేదట. రెండో వారం "ఏ పూట తాగబుద్ధి అయితది?" అని అడిగింది. పొద్దుగూకినంక అన్నది చిన్నమ్మ. పొద్దుగూకితే ఏమైతది అని అడిగింది. అంతే, ఇరవై ఏళ్లు మాకెవరికీ చెప్పనిది చెప్పుకుంది. చిన్నాయన బతికున్నప్పుడు పొద్దుగూకితే తాగొచ్చి కొట్టేవాడు, దెబ్బల నొప్పికి అప్పుడు మొదలైన సీసా అది. ఆయన పోయాక ఒంటరి ఇంట్లో అదే వేళకు గుండె దడ, దానికీ సీసాయే మందు. మేము ఆమెను తాగుబోతు అన్నాం, పండగలకు పిలవడం మానేశాం, ఆ వేళకు ఇంట్లో ఏమవుతోందో ఒక్కరం అడగలేదు. ఇది రాస్తుంటే కూడా నాకు గొంతు పట్టుకుంటోంది. ఆడ ఖైదీల గురించి ఐక్యరాజ్యసమితి 2010లో చేసిన బ్యాంకాక్ నియమాల్లో 15వది సరిగ్గా ఈ మాటే చెప్తుంది, మత్తుకు అలవాటుపడ్డ ఆడవాళ్లకు ప్రత్యేకంగా వాళ్లకోసమే చికిత్స ఉండాలి, వాళ్లు గతంలో పడ్డ హింసను, గర్భిణుల, పిల్లల తల్లుల అవసరాలను లెక్కలోకి తీసుకోవాలి అని. మగవాళ్లకు చెప్పే పాఠమే ఆడవాళ్లకు చెప్తే పని జరగదు, చిన్నమ్మను చూశాక నేను ఒట్టేసి చెప్తాను.

పిల్లల తల్లులు అంటే గుర్తొచ్చింది. అదే బ్యారక్‌లో మూడేళ్ల పాపతో ఒక అమ్మాయి ఉండేది, ఆమెకూ ఇదే అలవాటు. తల్లితో పాటు పిల్లలు ఆరేళ్ల దాకా లోపల ఉండవచ్చని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. పాలు, గుడ్డు, ఆట బొమ్మలు ఇచ్చారు, అది బాగుంది. కానీ తల్లి గోలీలు వేసుకుని మగతగా పడి ఉన్న గంటల్లో పాపను చూడటానికి ప్రత్యేకంగా ఎవరూ లేరు, తోటి ఖైదీలే చంకనేసుకుని తిప్పేవాళ్లు. చిన్నమ్మ వణికే చేతులతో ఆ పాపకు జడలు వేసేది, వంకరగా వచ్చేవట, తర్వాత తర్వాత తిన్నగా వచ్చాయి. ఒళ్లు నయమవుతోందని ఆమెకు మొదట తెలిసింది ఆ జడల వల్లనే.

బయటితో పోల్చి చెప్పకపోతే అన్యాయమవుతుంది. జైలుకు పోకముందు రెండేళ్ల కింద మేము ఒక ప్రైవేటు డీ-అడిక్షన్ సెంటర్‌కు తీసుకుపోయాం. ఆడవాళ్లను చేర్చుకోం, సపరేటు గది లేదు అన్నారు. ఇంకో చోట చేర్చుకుంటామన్నారు గానీ నెల డబ్బులు ముందే కట్టాలి, నెలదాకా చూడనివ్వం అన్నారు, లోపలికి తొంగి చూస్తే మంచానికి గొలుసుతో కట్టిన మనిషి కనిపించాడు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులు వేయడాన్ని పూర్తిగా నిషేధించింది. అదే చట్టం మద్యం, మత్తు మందుల వల్ల వచ్చే మానసిక సమస్యలను కూడా జబ్బుగానే లెక్కించింది, ఖైదీలకూ వర్తిస్తుంది, రాష్ట్రానికి కనీసం ఒక జైల్లోనైనా మానసిక వైద్య విభాగం పెట్టాలంటుంది. డబ్బు పెట్టి బయట దొరకని మర్యాద చిన్నమ్మకు జైల్లో ఉచితంగా దొరికింది. అది వాళ్ల గొప్ప. ఒక ఆడమనిషి మత్తు మానడానికి జైలుకే పోవాల్సి రావడం నన్ను చాలా బాధపెడుతోంది, పాలమూరు లాంటి జిల్లాలో ఊరి పక్కనే ఆడవాళ్లకు పది పడకలు ఉండి ఉంటే ఆ పొట్లం కొంగుకు ముడిపడేదే కాదు.

ఇప్పుడు రెండో నక్షత్రం ఎక్కడ పోయిందో చెప్తాను. బెయిల్ కాగితాలు సాయంత్రం వచ్చాయి, చీకటి పడ్డాక వదిలారు. గేటు దగ్గర ఆమె బట్టల మూట, పుస్తెలు, 340 రూపాయలు లెక్కపెట్టి సంతకం తీసుకుని ఇచ్చారు. వాడుతున్న మందుల చీటీ ఇవ్వలేదు. నిద్రకు, దిగులుకు వేరే గోలీ ఒకటి నడుస్తోంది, దాని పేరు ఆమెకు తెలియదు, "పసుపు పచ్చది" అంటుంది. మళ్లీ డాక్టర్‌ను ఎక్కడ కలవాలి, ఎప్పుడు కలవాలి, ఏమీ లేదు. ఏడు వారాలు అంత జాగ్రత్తగా మెట్లు దింపినవాళ్లు ఆఖరి మెట్టు మీద చెయ్యి వదిలేశారు. బస్సు దిగి ఇంటికి నడిచే దారిలోనే ఆ కల్లు దుకాణం ఉంది, పొద్దుగూకిన వేళ, సీసాల చప్పుడు వినిపిస్తోంది. నేను ఆమె చెయ్యి పట్టుకుని ఉన్నాను, ఆ చెయ్యి బిగుసుకుపోయింది. చాలా రోజులు మానినవాళ్లు మళ్లీ పాత లెక్కనే ఆరు సీసాలు తాగితే ఒళ్లు తట్టుకోదు, ఊపిరి ఆగిపోవచ్చు, విడుదలైన మొదటి వారాలు అందుకే అన్నిటికంటే ప్రమాదమని డాక్టర్ తర్వాత చెప్పాడు. అది గేటు దగ్గర చెప్పాల్సిన మాట.

ఆ రాత్రి 14416కి ఫోన్ చేశాను, అది టెలి మానస్ అనే సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 2022లో మొదలైంది, ఉచితం, 24 గంటలూ తెలుగులో మాట్లాడతారు. కంగారు పెట్టకుండా విన్నారు, రాత్రి ఒంటరిగా పడుకోనివ్వొద్దు, ఆ పసుపు గోలీ ఏదో తెలిసేదాకా ఊహించి కొనొద్దు, పొద్దున్నే సర్కారు ఆస్పత్రి మానసిక వైద్యం ఓపీకి పొమ్మన్నారు. మత్తు అలవాటు కోసమే ఉన్న నంబర్ 14446. జైలుకు ఫోన్ మీద ఫోన్ చేసి, మూడో రోజు ఆ నర్సు డ్యూటీలో ఉన్నప్పుడు మందుల వివరం చెప్పించుకున్నాం. ఆమె తనంతట తాను రిజిస్టర్ చూసి అక్షరం అక్షరం చదివింది, ఆఖరున "అవ్వ ఎట్లుంది?" అని అడిగింది.

మీ ఇంటి ఆడమనిషి ఎవరైనా లోపలికి పోతే మీరు చేయాల్సినవి చెప్తాను. అరెస్టయిన రోజే ఒక తెల్లకాగితం మీద ఆమె ఏం తాగుతుంది, రోజుకు ఎంత, ఎన్నేళ్ల నుంచి, ఆఖరుసారి ఎప్పుడు, ఇంతకుముందు ఫిట్స్ వచ్చాయా, రాసి జైలు డాక్టర్‌కు చేరేలా ఇవ్వండి. రిమాండ్‌కు తెచ్చినప్పుడు జడ్జి ముందు కూడా చెప్పండి. సిగ్గుపడకండి, మేము సిగ్గుపడి మూడు రాత్రులు పోగొట్టుకున్నాం. లాయర్‌కు డబ్బుల్లేకపోతే ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది, 15100కి చేయండి, మాకు వచ్చిన లాయరమ్మ రూపాయి తీసుకోలేదు. వాడకం కేసుగానీ, చిన్న మొత్తం కేసుగానీ అయితే తనంతట తాను చికిత్సకు ఒప్పుకున్నవాళ్లకు ఎన్‌డీపీఎస్ చట్టం 64ఏ సెక్షన్ కింద కేసు నుంచి రక్షణ ఉంది, మాకు మొత్తం ఎక్కువై అది వర్తించలేదు, మీకు వర్తించవచ్చు, తప్పకుండా అడగండి. బెయిల్ వస్తుందని తెలిసిన వారం నుంచే మందుల చీటీ సిద్ధంగా పెట్టమని వెంటపడండి. వీలైతే పగలు వదలమని అడగండి.

చిన్నమ్మ ఇప్పుడు మా ఇంట్లోనే ఉంటోంది, రెండు వారాలకోసారి మహబూబ్‌నగర్ పోయి డాక్టర్‌ను కలిసి వస్తున్నాం. కల్లు ముట్టి ఐదు నెలలు దాటింది. పొద్దుగూకే వేళకు నా కూతురిని దగ్గర కూర్చోబెట్టుకుని జడలు వేస్తుంది, అయిపోయినా విప్పి మళ్లీ వేస్తుంది, పాప కదలకుండా కూర్చుంటుంది.